గాజాన్ ఖాన్ పాలనను, ఇల్‌ఖాన్ల వంశ చరిత్రను చదవడం ఎలా?

ఇరాన్, ఇరాక్, కాకసస్ ప్రాంతాలను 1256 నుంచి 1335 వరకు ఏలిన మంగోల్ వంశాన్ని ఇల్‌ఖాన్లు అంటారు. వీరి చరిత్ర చదవడానికి కూర్చున్నవారిలో చాలామంది రెండు ఘట్టాల దగ్గరే ఆగిపోతారు. ఒకటి, 1258లో హులగు ఖాన్ బాగ్దాద్‌ను కొల్లగొట్టి ఖలీఫాను చంపించడం. రెండోది, 1295లో ఆయన మునిమనవడు గాజాన్ ఖాన్ ఇస్లాం స్వీకరించడం. రెండూ పెద్ద సంగతులే, కాదనలేము. అయితే ఈ వంశం ఎనభై ఏళ్లపాటు ఎలా నిలబడింది, నిలబడిన వంశం ఒక్క మరణంతో ఎందుకు చెల్లాచెదురైంది అన్న ప్రశ్నలకు జవాబు అక్కడ దొరకదు. అది పన్నుల లెక్కల్లో, నాణేల మీది రాతల్లో, వజీర్ల చావుల్లో దొరుకుతుంది. అందుకే గాజాన్ ఏలిన తొమ్మిదేళ్ల లోపు కాలాన్ని నడుమ పెట్టుకుని, ఖజానా వైపు నుంచి ఈ చరిత్రలోకి ప్రవేశించమని నా సలహా. ఆ చదువు ఏ వరుసలో సాగితే తేలికగా ఉంటుందో కింద వివరిస్తున్నాను.

ముందుగా పేర్లు, చుట్టరికాలు

చదువు మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకుని వంశవృక్షం గీయండి. ఇది పిల్లల పనిలా కనిపించవచ్చు గాని, దీన్ని దాటవేసిన వారికి 1282 నుంచి 1295 వరకు జరిగినదంతా అయోమయంగానే మిగులుతుంది. మొదటిసారి నేనూ దాటవేశాను. అర్ఘూన్ ఎవరో, అబాఖా ఎవరో తేల్చుకోవడానికే రెండు రోజులు వెనక్కూ ముందుకూ పేజీలు తిప్పవలసి వచ్చింది.

కాగితం పైన చెంగిజ్ ఖాన్ పేరు, దాని కింద ఆయన చిన్న కొడుకు తొలుయ్ పేరు రాయండి. తొలుయ్ కింద నలుగురు కొడుకులను పక్కపక్కన పెట్టండి: మోంకె, కుబ్లాయ్, హులగు, అరిక్ బోకె. మహాఖాన్ అయిన మోంకె తన తమ్ముడు హులగును పడమటికి పంపడంతో ఈ వంశం మొదలైంది. ఇప్పుడు హులగు నుంచి నిలువుగా ఒక గీత దించండి: హులగు, ఆయన కొడుకు అబాఖా, మనవడు అర్ఘూన్, మునిమనవడు గాజాన్. ఈ నిలువు గీత చూస్తే రాజ్యం తండ్రి నుంచి కొడుకుకు సాఫీగా వచ్చినట్టు అనిపిస్తుంది. ఇక పక్క కొమ్మలు కలపండి. అబాఖా 1282లో చనిపోయాక గద్దె ఆయన తమ్ముడు తెగుదర్‌కు దక్కింది. రెండేళ్లకే అతన్ని తొలగించి చంపి, అర్ఘూన్ గద్దెనెక్కాడు. అర్ఘూన్ 1291లో జబ్బుపడి చనిపోయాక అతని సోదరుడు గైఖాతు వచ్చాడు; 1295లో అతన్ని అమీర్లు, అంటే సైన్యాధిపతులు, చంపారు. తర్వాత వచ్చిన బైదు హులగుకు మరో కొడుకు వైపు మనవడు. కొన్ని నెలలు తిరగకుండానే అతనూ హతుడయ్యాడు. చనిపోయిన ప్రతి పేరు పక్కన సంవత్సరం, చావు ఎలా వచ్చిందో రాసుకోండి. పెద్ద కొడుకే వారసుడన్న నియమం వీరిలో లేదని, చెంగిజ్ రక్తం ఉన్న ఏ మగవాడైనా అమీర్ల బలముంటే గద్దె అడగవచ్చని మీ కాగితమే చెబుతుంది. ఈ కాగితాన్ని పారేయకండి. చివర మళ్లీ దీనితో పని ఉంది.

పేర్ల వర్ణక్రమం విషయంలో పట్టింపు వద్దు. హులగు, హులాకు, హులెగు అని ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. మంగోల్ పేరు పర్షియన్ లిపిలోకి, అక్కడి నుంచి ఐరోపా భాషల్లోకి, ఆ తర్వాత మన దగ్గరికి వచ్చింది కాబట్టి ఆ తేడాలు తప్పవు. ఒక రూపం ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు. మంగోల్, మొఘల్ అన్న మాటలు మూలంలో ఒకటే అయినా, ఇక్కడ మాట్లాడుతున్న వంశం బాబర్ ఢిల్లీని గెలవడానికి దాదాపు రెండు శతాబ్దాల ముందే అంతరించిందన్నది మాత్రం మరవకూడదు.

తేదీలు, నేల

కంఠస్థం చేయవలసిన తేదీలు ఆరు మించవు: హులగు అలమూత్ కోటను లొంగదీసుకున్న 1256, బాగ్దాద్ పడిన 1258, ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టును ఏలే మమ్లూకుల చేతిలో మంగోలులు ఓడిన 1260, గాజాన్ గద్దెనెక్కిన 1295, అతను చనిపోయిన 1304, వంశం చివరి బలమైన పాలకుడు అబూ సయీద్ చనిపోయిన 1335. మూల గ్రంథాల్లో చాలావరకు హిజ్రీ సంవత్సరాలే ఉంటాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది. గాజాన్ మతం మారిన 694ను ఇలా లెక్కిస్తే 1295 వస్తుంది, సరిపోతుంది. మంగోలులు దీనితోపాటు పన్నెండు జంతువుల సంవత్సరాలూ వాడేవారు. గాజాన్ గద్దెనెక్కినది గొర్రె సంవత్సరం. చనిపోయినది డ్రాగన్ సంవత్సరం.

నేల విషయానికి వస్తే, రాజధాని ఏదని వెతకడం మానేయాలి. హులగు కాలంలో మరాఘా, అబాఖా నుంచి తబ్రీజ్, తర్వాత సుల్తానియా ముఖ్య పట్టణాలే గాని, దర్బారు ఎక్కువ కాలం గుడారాల్లోనే ఉండేది. చలికాలం కాకసస్‌కు దక్షిణాన ఉన్న అర్రాన్, ముఘాన్ మైదానాల్లోనో బాగ్దాద్ దగ్గరో గడిపి, ఎండలు ముదరగానే ఎత్తైన పచ్చిక బీళ్లకు తరలిపోయేవారు. గుర్రాలకు మేత ఎక్కడుందో అక్కడే ప్రభుత్వం ఉండేదని అనుకుంటే యుద్ధాలు కూడా సులభంగా అర్థమవుతాయి. సిరియాలో మంగోలులు గెలిచి కూడా ఎందుకు నిలవలేకపోయారన్న ప్రశ్నకు మమ్లూకుల శౌర్యంతోపాటు మేత కొరత కూడా ఒక జవాబు.

మ్యాపు మీద మూడు సరిహద్దులు గుర్తించండి. ఉత్తరాన కాకసస్ అవతల చెంగిజ్ పెద్ద కొడుకు జోచి సంతతివారి రాజ్యమైన బంగారు గుంపు (గోల్డెన్ హోర్డ్). తూర్పున అము దర్యా నది అవతల చెంగిజ్ మరో కొడుకు చగతాయ్ సంతతివారు. పడమట యూఫ్రటీస్ అవతల మమ్లూకులు. మొదటి ఇద్దరూ దాయాదులే, అయినా శత్రువులే. చైనాలో ఉన్న కుబ్లాయ్ మాత్రమే ఆప్తుడు. దాయాదులతో పోరు, దూరపు చుట్టంతో స్నేహం అన్న ఈ అమరిక వల్లనే ఇల్‌ఖాన్లు ఐరోపా రాజులకు, పోపులకు అన్నేసి లేఖలు రాయవలసి వచ్చింది.

ఖజానా ఖాళీ అయిన సంవత్సరం

ఇక అసలు పని. గాజాన్ సంస్కరణలను 1295 నుంచి కాక, అంతకు ముందు సంవత్సరం నుంచి చదవాలి. 1294లో గైఖాతు ఖజానాలో చిల్లిగవ్వ లేదు. అతని దుబారా ఒక కారణం, మందలను తుడిచిపెట్టిన పశువుల తెగులు మరొక కారణం. వజీరు సద్రుద్దీన్ జంజానీ చైనాలో నడుస్తున్న కాగితపు డబ్బును ఇక్కడా నడుపుదామన్నాడు. మల్బరీ బెరడు కాగితం మీద చైనా అక్షరాలు, వాటితోపాటే ఇస్లాం విశ్వాస వాక్యం, అర దిర్హం నుంచి పది దీనార్ల దాకా విలువలు ముద్రించి, ‘చావ్’ అన్న పేరుతో తబ్రీజ్‌లో విడుదల చేశారు. తీసుకోనివాడికి మరణదండన అని చాటించారు. వర్తకులు అంగళ్లు కట్టేశారు, బజారులో తిండి గింజలు దొరకలేదు, జనం ఊరు విడిచిపోసాగారు. రెండు నెలలకే చావ్‌ను ఉపసంహరించుకున్నారు. చైనాలో వెండి, పట్టు నిల్వల అండతో, అలవాటుతో నడిచిన పద్ధతి ఇక్కడ ఉత్త కాగితమైపోయింది. ఇది వింత కథగా చదివి వదిలేసేది కాదు. పాలకుడి మాట మీద బజారుకు ఎంత నమ్మకం మిగిలిందో ఇది చూపిస్తుంది. గాజాన్‌కు వారసత్వంగా వచ్చింది అదే.

ఊళ్లలో పరిస్థితి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి గాజాన్ వజీరు, చరిత్రకారుడు అయిన రషీదుద్దీన్ రాసిన ఒక సంఘటన చాలు. యజ్ద్ ప్రాంతంలో ఫిరూజాబాద్ అనే పల్లెకు 1292లో ఒక భూస్వామి తన రాబడి వసూలు చేసుకుందామని వెళ్లాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు వెతికినా ఊరి పెద్ద ఒక్కడూ కనిపించలేదు. ఊరి నడుమ మాత్రం పదిహేడుగురు వసూలుదార్లు చేతిలో చీటీలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లు పొలం కావలివాడినొకణ్ని, ఇద్దరు రైతులను పట్టుకొచ్చి, మిగతావాళ్లు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని తాళ్లతో వేలాడదీశారు.

ఆ చీటీలను గమనించండి. వాటిని ‘బరాత్’ అనేవారు. దివాణం తన దగ్గర డబ్బు లేనప్పుడు సైనికుడికో అధికారికో ఫలానా ఊరి పన్ను నుంచి ఇంత తీసుకోమని చీటీ రాసి ఇచ్చేది. ఒకే ఊరి మీద ఎన్ని చీటీలు రాశారో దివాణంలో లెక్క ఉండేది కాదు. చీటీ ఉన్నవాడు వచ్చి ఊళ్లో తిష్ఠవేసేవాడు, వాడి తిండి, వాడి గుర్రానికి దాణా కూడా ఊరిదే. తల పన్ను లాంటి కుబ్చూర్‌ను కొన్నిచోట్ల ఏడాదికి ఇరవై, ముప్పై సార్లు వసూలు చేశారని రషీదుద్దీన్ రాశాడు. దివాణం, ఖజానా, వసూలు, జమ, బాకీ వంటి మాటలు మన భాషలో ఏనాడో కలిసిపోయాయి కాబట్టి, ఈ భాగం చదువుతున్నప్పుడు తెలుగు పాఠకుడికి పరాయితనం ఉండదు. మాటలే కాదు, ఊరివాళ్ల భయం కూడా వెంటనే అర్థమవుతుంది.

ఈ నేపథ్యంలో గాజాన్ తన అమీర్లతో అన్నట్టు రాసిన మాటల సారాంశం చదవండి. తాజిక్ రైతుల, అంటే పర్షియన్ మాట్లాడే స్థానిక రైతుల, పక్షం వహించడం తన ఉద్దేశం కాదని, వాళ్లను దోచుకోవడమే మేలైతే ఆ పని తనంత బాగా ఎవరూ చేయలేరని, అందరం కలిసే దోచుకుందామని అన్నాడు. కానీ వాళ్ల ఎద్దులను, విత్తనాలను లాక్కుని, పైరు తొక్కించేస్తే వచ్చే ఏడు మీరు ఏం తింటారని అడిగాడు. నా దృష్టిలో ఈ వంశ చరిత్ర మొత్తంలో ఇంత నిక్కచ్చి మాట మరొకటి లేదు. ఇందులో దయ కంటే లెక్క ఎక్కువ. దయాళువైన రాజు కథగా సంస్కరణలను చదివేవారు ఈ మాటల దగ్గర తప్పక ఆగాలి.

సంస్కరణల వివరాలు ఇప్పుడు వాటంతట అవే అర్థమవుతాయి. ప్రతి ప్రాంతానికి రాతగాణ్ని పంపి ఊరూరా చెల్లించవలసిన పన్ను రాయించారు. స్థానిక అధికారులు చీటీలు రాయకూడదన్నారు. ఏ వాయిదా ఎప్పుడు కట్టాలో నిర్ణయించి, ఆ మొత్తాలను రాతి మీద, చెక్క మీద, లోహపు పలకల మీద చెక్కించి అందరికీ కనిపించేలా పెట్టమన్నారు. దండుగమారి దూతలు తపాలా గుర్రాల పేరుతో ఊళ్లను పీడించకుండా రాచదూతలకు వేరే మజిలీలు పెట్టారు. బీడు భూమిని సాగులోకి తెచ్చినవాడికి పన్ను రాయితీ ఇచ్చారు. ముప్పై ఏళ్లు దాటిన భూమి తగాదాలను వినవద్దని న్యాయమూర్తులకు ఆదేశించారు. తూనికలకు తబ్రీజ్ కొలతనే ప్రమాణం చేశారు. వెండి దిర్హం బరువును 2.16 గ్రాములకు స్థిరపరిచి, ఆరు దిర్హాలు ఒక దీనార్‌గా లెక్కించారు. 1303లో సైనికులకు జీతానికి బదులు భూమి రాబడిని కేటాయించారు. చీటీల బెడద లేకుండా సైన్యాన్ని పోషించే దారి ఇదేనని భావించారు.

రాసినవాడెవడో చూసుకోండి

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పైన చెప్పినదంతా దాదాపుగా ఒకే మనిషి కలం నుంచి వచ్చింది. హమదాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, వైద్యుడై, ఇస్లాం స్వీకరించి, 1298 నుంచి వజీరుగా ఉన్న రషీదుద్దీన్ ఆ సంస్కరణల రూపకర్తల్లో ప్రముఖుడు. గాజాన్ కోరికపై మంగోల్ చరిత్ర రాసినవాడూ అతనే. చైనా నుంచి రాయబారిగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన బోలాద్ అతనికి మంగోల్ సంప్రదాయాలు వివరించాడు. ఆ విధంగా అతని గ్రంథం అమూల్యం. కానీ గత పాలన ఎంత చెడ్డదైతే సంస్కరణ అంత గొప్పగా కనిపిస్తుంది కదా. ఫర్మానా జారీ అయిందని అతను రాస్తే నమ్మవచ్చు. అది ప్రతి ఊళ్లోనూ అమలైందని అంటే మరో సాక్ష్యం వెతకాలి.

అలాంటి సాక్ష్యాల్లో ఒకటి కజ్వీన్‌కు చెందిన హమ్దుల్లా ముస్తౌఫీ ఇచ్చిన అంకెలు. గాజాన్‌కు ముందు రాజ్యాదాయం 1 కోటి 70 లక్షల దీనార్లకు పైగా ఉండేదని, అతని కాలంలో అది 2 కోట్ల 10 లక్షలకు చేరిందని ఆయన రాశాడు. ముస్తౌఫీ స్వయంగా లెక్కల ఉద్యోగి, పైగా రషీదుద్దీన్ దగ్గర కొలువు చేసినవాడు. ఆ మేరకు మొగ్గు ఉండవచ్చు. అయినా మంగోలుల రాకకు ముందున్న ఆదాయంతో పోలిస్తే ఇదంతా చాలా తక్కువేనని ఒప్పుకున్నవాడు కూడా ఆయనే కాబట్టి, ఆ అంకెలను గౌరవంతో చూడాలి. మమ్లూకుల వైపు అరబ్బీ చరిత్రలను, సిరియాక్ భాషలో ఉన్న క్రైస్తవ రచనలను పక్కన పెట్టుకుంటే చిత్రం ఇంకా మారుతుంది. గాజాన్ గద్దెనెక్కిన తొలి నెలల్లో చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు, బౌద్ధాలయాలు కూల్చిన తీరు, ఆ వేధింపులను తర్వాత గాజాన్ కొంత అదుపు చేసిన వైనం అక్కడ బాధితుల వైపు నుంచి తెలుస్తుంది.

చేతిలోకి తీసుకుని చూడదగినవి

పుస్తకాలకంటే ముక్కుసూటిగా మాట్లాడేవి నాణేలు. మ్యూజియంల జాబితాల్లో ఈ కాలపు వెండి నాణేల ఫొటోలు సులభంగా దొరుకుతాయి. అబాఖా నాణెం, గాజాన్ నాణెం పక్కపక్కన పెట్టుకోండి. అబాఖా నాణెం మీద నిలువుగా రాసే ఉయిఘుర్ లిపిలో, మహాఖాన్ పేరున అబాఖా కొట్టించినదని ఉంటుంది. గాజాన్ నాణెం మీద మహాఖాన్ ప్రస్తావన మాయమై, దాని స్థానంలో ‘తెంగ్రి బలంతో’, అంటే ఆకాశ దైవం శక్తితో, గాజాన్ కొట్టించినదని ఉంటుంది. అదే నాణెం రెండో వైపు అరబ్బీ లిపిలో ఇస్లాం విశ్వాస వాక్యం. పక్కన చైనా దర్బారు వాడే ఫాగ్స్‌పా లిపి అక్షరాలు కూడా మూడు ఉంటాయి. మతం మారిన రాజు, పూర్వీకుల ఆకాశాన్ని వదలని రాజు, చైనా పెత్తనం కింద నుంచి బయటికి నడిచిన రాజు, ముగ్గురూ బొటనవేలి గోరంత చోటులో పక్కపక్కనే ఉన్నారు.

అదే విధంగా 1289లో అర్ఘూన్ ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్‌కు రాసిన లేఖ పారిస్‌లో భద్రంగా ఉంది. సన్నని పొడవాటి కాగితం, నిలువు మంగోల్ లిపి, వాటి మీద ఎర్రటి చతురస్రాకారపు చైనా ముద్రలు. ఇరాన్‌లో ఉన్న రాజు, చైనా నుంచి వచ్చిన ముద్రతో, ఐరోపా రాజుకు మంగోల్ భాషలో రాశాడన్నమాట. తండ్రి లేఖ మీది ముద్రను కొడుకు నాణెం మీది రాతతో పోల్చి చదివితే పదిహేనేళ్లలోపే ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది.

మత మార్పిడి, యుద్ధాలు

ఇంతదూరం వచ్చాకే మత మార్పిడిని చదవమంటాను. గాజాన్ బౌద్ధుల మధ్య పెరిగాడు. ఖురాసాన్‌లో అధికారిగా ఉన్నప్పుడు బౌద్ధాలయాలు కట్టించాడు. బైదుతో గద్దె కోసం పోరాడుతున్న సమయంలో, ముస్లిం అయిన అమీర్ నౌరూజ్ ప్రోద్బలంతో, 1295 వేసవిలో, ఇరవై మూడేళ్ల వయసులో ఇస్లాం స్వీకరించి మహమూద్ అన్న పేరు పెట్టుకున్నాడు. అప్పటికే మంగోల్ సైనికుల్లో చాలామంది ముస్లింలు. దీన్ని ఉత్త రాజకీయమనీ అనలేము, ఉత్త భక్తి అనీ అనలేము. నాణెం మీది తెంగ్రిని గుర్తుంచుకుంటే అలా ఒకవైపు లాగే అవసరం కూడా ఉండదు. తనను గద్దెనెక్కించిన నౌరూజ్‌ను గాజాన్ రెండేళ్లకే, 1297లో చంపించాడు. నౌరూజ్ పతనానికి పావులు కదిపిన జంజానీని, అంటే ఆ చావ్ వజీరునే, మరుసటి ఏడాది చంపించాడు.

యుద్ధాలకు ఎక్కువ సమయం కేటాయించకండి. 1299 డిసెంబరులో హొమ్స్ దగ్గర మమ్లూకుల మీద గెలిచి దమాస్కస్‌లో అడుగుపెట్టాడు, కొన్నాళ్లకే వెనుదిరిగాడు. 1303లో అతని సైన్యం దమాస్కస్‌కు దక్షిణాన ఘోరంగా ఓడింది. మరుసటి ఏడాది మే నెలలో, ముప్పై రెండేళ్ల వయసులో చనిపోయాడు.

గాజాన్ తర్వాత

తమ్ముడు ఉల్జాయితు 1304 నుంచి 1316 వరకు ఏలాడు. సుల్తానియాలో అతను కట్టించుకున్న సమాధి గుమ్మటం దాదాపు 50 మీటర్ల ఎత్తున ఈనాటికీ నిలిచి ఉంది. ఫొటో చూడకుండా ఈ పాలనను చదవకూడదు. అతని కొడుకు అబూ సయీద్ పదకొండేళ్ల వయసులో రాజయ్యాడు, అసలు అధికారం అమీర్ చూపాన్‌ది. 1318లో డెబ్బై దాటిన రషీదుద్దీన్‌ను, ఉల్జాయితుకు విషం పెట్టాడన్న అభియోగంతో చంపారు. ఇల్‌ఖాన్ల వజీర్లలో సహజ మరణం పొందినవాడిగా చరిత్రకారులు తాజుద్దీన్ అలీ షా ఒక్కడినే చెబుతారు. పన్ను పలకలు చెక్కించినవారికి తమ ప్రాణానికి పలక లేదు. 1327లో అబూ సయీద్ చూపాన్‌నూ చంపించి సొంతంగా ఏలాడు. అంతకు నాలుగేళ్ల ముందే మమ్లూకులతో సంధి కుదిరింది. అంటే శత్రువు లేడు, ఖజానా సరిగ్గానే ఉంది, రాజు వయసులో ఉన్నాడు.

ఇప్పుడు మొదట గీసిన కాగితం బయటికి తీయండి. అబూ సయీద్ పేరు కింద ఏముందో చూడండి. 1335 నవంబరులో అతను కొడుకు లేకుండా చనిపోయాడు. పక్క కొమ్మలను చూస్తే, నలభై ఏళ్లుగా ప్రతి రాజూ గద్దెకు పోటీ వస్తారనుకున్న దాయాదులను నరుకుతూ వచ్చాడు. గాజాన్ తొలి ఏడాదిలోనే అలా పోయినవారు చాలామంది. దానితో అమీర్లు హులగు సంతతిని వదిలి, అరిక్ బోకె వంశస్థుడైన అర్పాను గద్దెనెక్కించవలసి వచ్చింది. 1336లో అతనూ హతుడయ్యాడు. బాగ్దాద్‌లో జలాయిర్లు, తబ్రీజ్‌లో చూపాన్ వారసులు, యజ్ద్ వైపు ముజఫ్ఫరీలు, హెరాత్‌లో కర్త్‌లు ఎవరికి వారే అయ్యారు. 1340 ప్రాంతంలో ముస్తౌఫీ తన భూగోళ గ్రంథంలో ఊరూరి పన్ను రాబడి శ్రద్ధగా పొందుపరిచేనాటికి, ఆ లెక్కలన్నీ ఒకచోటికి చేరవలసిన దివాణం లేదు.